78 ఏళ్ళ వయసులో మూత్రాశయం తీసే ఆపరేషన్: గంజాం జిల్లా నుంచి ఒక కేసు

మూత్రాశయ క్యాన్సర్ పెద్దవయసు జబ్బు. అమెరికా లెక్కల్లో ఇది బయటపడే మధ్యస్థ వయసు 73. అయినా 75 దాటిన మనిషి ఈ జబ్బుతో మా ఓపీకి వస్తే, రిపోర్టులు పూర్తిగా చూడకముందే "ఈ వయసులో కోత ఏమిటండీ" అనే మాట వచ్చేస్తుంది. ఇంటివాళ్ళు అనేది కొంత, పంపిన డాక్టర్లు అనేది ఎక్కువ. ఈ కేసులో ఆ మాట వల్ల కొన్ని నెలలు పోయాయి. ఆ తర్వాత ఎక్కడ ఏం ఆలోచించి ఏం చేశామో రాస్తున్నాను. రాయడానికి పేషెంటు, ఆయన కొడుకు ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేను పనిచేసేది ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో. ఇటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి, అటు ఛత్రపురం, పర్లాకిమిడి వైపు నుంచి పేషెంట్లు వస్తారు. సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇదీ కారణమని ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో అక్కడ ఊళ్ళకి ఊళ్ళే డయాలసిస్ చుట్టూ తిరుగుతున్నాయి. అక్కడి కేసులు చూసీ చూసీ మాకు ఒక అలవాటు పడింది. ఏ జబ్బుతో వచ్చిన మనిషికైనా ముందు కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్క వేసుకుంటాం. ఈ కేసులో ఆ అలవాటు చాలా పనికొచ్చింది.

మనిషి, జబ్బు

పెద్దాయనకి 78 ఏళ్ళు. పట్టుచీరల నేత. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. పదేళ్ళ పిల్లాడిగా గుంట మగ్గం దగ్గర చేరారు, ఇప్పటికీ పూర్తిగా మానలేదు. వయసులో ఉన్నప్పుడు నూలుకి రంగులు కూడా ఇంట్లోనే వేసేవారట, ఒట్టి చేతులతో. బీడీలు, ఒడిశాలో పికా అనే ఆకు చుట్టలు 70 ఏళ్ళ దాకా కాల్చారు. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. రంగుల సంగతి అయితే 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ జబ్బుని గమనించి చెప్పాడు. బెంజిడిన్ నుంచి తయారయ్యే రంగుల్ని మన దేశంలో నిషేధించింది 1990ల్లో. ఆయన చేతులు ఆ రంగుల్లో మునిగింది అంతకు చాలా ముందు. ఈయనకి జబ్బు దేనివల్ల వచ్చిందో తేల్చి చెప్పలేం కానీ, నేత, రంగుల పని చేసిన మనిషికి మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా వదిలిపెట్టకూడదు.

ఆయనకి మొదట కనబడింది ఠాకురాణి యాత్ర, అంటే బరంపురం అమ్మవారి జాతర రోజుల్లో. నొప్పి లేదు, మంట లేదు, మూత్రం ఎర్రగా వచ్చింది. ఇంట్లో "వేడి చేసింది" అన్నారు. బార్లీ నీళ్ళు తాగారు, తగ్గింది. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఊళ్ళో డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చాడు, తగ్గింది. ఈ జబ్బు మోసం చేసేది ఇక్కడే. గడ్డ నుంచి వచ్చే రక్తం దానంతటదే ఆగుతుంది, దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. అది ఆగే రోజున చేతిలో ఏ మందు ఉంటే ఆ మందుకి పేరొస్తుంది. బార్లీకి వచ్చింది, యాంటీబయాటిక్‌కి వచ్చింది, ఆ తర్వాత ప్రోస్టేట్ మాత్రకి కూడా వచ్చింది.

చివరికి రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం బందయింది. వేరే ఆస్పత్రిలో దుర్బీనుతో గడ్డని గోకి తీశారు. బయాప్సీలో హైగ్రేడ్ క్యాన్సర్, లోపలి పొర కింద దాకా పాకింది అని వచ్చింది. కానీ ఆ రిపోర్టు చివర్లో ఇంకో వాక్యం ఉంది: శాంపిల్‌లో కండరం లేదు. అంటే కండరంలోకి పాకిందో లేదో ఆ పరీక్ష చెప్పలేదని అర్థం. ఇంటివాళ్ళకి మాత్రం "కండరంలోకి పోలేదు, ఈ వయసుకి అప్పుడప్పుడూ గోకించుకుంటే సరిపోతుంది" అని వినబడింది. వాళ్ళు అలాగే నమ్మారు. మూడు నెలల్లో రెండుసార్లు రక్తం ఎక్కించాల్సి వచ్చాక మా దగ్గరికి వచ్చారు.

మా దగ్గరికి వచ్చేసరికి

బరువు 49 కిలోలు. హిమోగ్లోబిన్ 7.4. ఒంట్లో పోషణ ఎలా ఉందో చెప్పే రక్తంలోని ప్రోటీన్, అల్బుమిన్, 2.9. బీపీ మాత్రతో అదుపులో ఉంది, షుగర్ లేదు. ఊపిరితిత్తుల్లో పొగ మిగిల్చిన నష్టం ఉంది, మెట్లెక్కితే ఆయాసం. గుండె ఎకో బాగుంది. స్కాన్‌లో మూత్రాశయం కుడి గోడ మీద నాలుగున్నర సెంటీమీటర్ల గడ్డ, కుడి కిడ్నీ ఉబ్బి ఉంది. గడ్డ ఆ వైపు మూత్రనాళం ద్వారాన్ని మూసేసింది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో జబ్బు లేదు.

కండ నుంచి తయారై కిడ్నీ బయటికి పంపే వ్యర్థం, క్రియాటినిన్, 1.3. ల్యాబ్ కాగితం మీద అది హద్దుకి కాస్త అటు. చాలామంది దాన్ని చూసి "కిడ్నీలు పర్లేదు" అంటారు. వయసు, బరువు కూడా కలిపి వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేస్తే ఈయన కిడ్నీలు నిమిషానికి వడకట్టేది 32 మిల్లీలీటర్లు. ఇదే 1.3 క్రియాటినిన్ 54 ఏళ్ళ, 70 కిలోల మనిషికి ఉంటే లెక్క 64 వస్తుంది. కాగితం మీద అంకె ఒకటే, కిడ్నీ బలం సగం. పెద్దవాళ్ళలో కండ తగ్గిపోతుంది కాబట్టి క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది, కిడ్నీ బాగున్నట్టు భ్రమ కలుగుతుంది. పెద్దవాళ్ళ వైద్యంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

ముందు రక్తం ఎక్కించాం. కుడి కిడ్నీకి నడుము నుంచి ట్యూబు వేశాం, అదే నెఫ్రోస్టమీ. ఆ తర్వాత మళ్ళీ దుర్బీనుతో చూసి, ఈసారి కండరం వచ్చేలా లోతుగా తీశాం. రెండోసారి గోకడం ఎందుకని కొడుకు అడిగాడు. కండరం లేని శాంపిల్‌ని నమ్మి వైద్యం మొదలుపెట్టకూడదు. అలాంటివాళ్ళని మళ్ళీ పరీక్షిస్తే సగం మంది దాకా కండరంలో జబ్బు బయటపడిందని 1990ల నుంచే అధ్యయనాలు ఉన్నాయి. ఈయనకీ బయటపడింది. గడ్డ మొత్తం తీయడానికి కుదరలేదు, నాళం ద్వారం మీదే కూర్చుంది.

"ఆయనకి చేసినట్టే చెయ్యండి, లేదంటే ముట్టుకోకండి"

అదే వారంలో అదే వార్డులో ఇదే జబ్బుతో ఇంకొకాయన ఉన్నాడు. 54 ఏళ్ళు, లారీ డ్రైవరు. కిడ్నీలు బాగున్నాయి. సిస్‌ప్లాటిన్ కీమో నాలుగు విడతలు తీసుకుని వచ్చాడు. మూత్రాశయం తీసేసి, పేగుతో కొత్త సంచి కట్టి లోపలే పెట్టాం. సంచీ బయట వేలాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన కొడుకు ఇదంతా చూశాడు. "బాబూ, ఆయనకి చేసినట్టే మా అయ్యకీ చెయ్యండి. అంత తట్టుకోలేడంటారా, ఇంక ముట్టుకోకండి" అన్నాడు.

కొడుకు టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మా పని ఆ రెండు కొసల మధ్యలో ఉంది. ఒక్కో దారీ విడిగా కూర్చోబెట్టి చెప్పాం.

ఏమీ చేయకుండా ఉండటం అనేది లేదు. పెద్దవాళ్ళ విషయంలో అందరూ ఒక తక్కెట్లో ఆపరేషన్ ప్రమాదాన్ని పెట్టి, రెండో తక్కెట ఖాళీ అనుకుంటారు. ఈయన గడిచిన నెలల్లో చూసిందే ఆ రెండో తక్కెట: రక్తం గడ్డలు, అర్ధరాత్రి మూత్రం బందవడం, ట్యూబు, మళ్ళీ మళ్ళీ రక్తం ఎక్కించడం. ఇక ముందు పొత్తికడుపు నొప్పి, రెండో కిడ్నీ కూడా మూసుకుపోవడం. వదిలేస్తే ప్రశాంతంగా పోతారనే ఊహ ఈ జబ్బుకి వర్తించదు.

కీమో సంగతి త్వరగా తేలిపోయింది. ఆపరేషన్‌కి ముందు సిస్‌ప్లాటిన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2003లో వచ్చిన అమెరికా ట్రయల్ దగ్గర్నుంచి తెలుసు. కానీ దానికి కిడ్నీ కనీసం 50, వీలైతే 60 దాకా వడకట్టాలి. నెఫ్రోస్టమీ తర్వాత క్రియాటినిన్ 1.1కి దిగినా లెక్క 38 దగ్గరే ఆగింది. బదులుగా కార్బోప్లాటిన్ ఇద్దామని, పేషెంటుని పంపిన డాక్టర్లు మా మెడికల్ ఆంకాలజిస్టుని (కీమో ఇచ్చే డాక్టరుని) అడిగారు. ఆపరేషన్ ముందు దాని వల్ల లాభం ఉందని రుజువు లేదు, రక్తకణాలు పడిపోయే నష్టం మాత్రం ఖాయం. వద్దనుకున్నాం.

కరెంటు పెట్టించడం, అంటే రేడియేషన్ మీద ఇంటివాళ్ళకి ఎక్కువ ఆశ ఉండేది. అది పనికిరాని దారి కాదు. బ్రిటన్‌లో 360 మందిపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. రేడియేషన్‌తో పాటు తక్కువ మోతాదు కీమో కలిపితే రెండేళ్ళకి 67 శాతం మందిలో జబ్బు ఆ చోట అదుపులో ఉంది, ఉత్త రేడియేషన్‌తో 54 శాతం. అందులో చేరినవాళ్ళూ చాలామంది 70 దాటినవాళ్ళే. సరైనవాళ్ళని ఎంచుకుంటే ఆపరేషన్‌తో సమానంగా ఉంటుందని 2023లో వచ్చిన పెద్ద పోలిక కూడా చెప్పింది. కిటుకంతా ఆ ఎంపికలో ఉంది. గడ్డని దుర్బీనుతో పూర్తిగా తీయగలిగి ఉండాలి, కిడ్నీ ఉబ్బి ఉండకూడదు. ఈయనకి రెండూ కుదరలేదు. పైగా రోజూ రక్తం కారుతున్న మూత్రాశయాన్ని వారాల తరబడి అలాగే ఉంచాలి. గడ్డ చిన్నదై, పూర్తిగా తీయగలిగి ఉంటే ఈయన్ని కటకో విశాఖో నేనే పంపేవాణ్ణి. ఆ మాట కొడుకుతో కూడా అన్నాను.

మిగిలింది ఆపరేషన్. దాని గురించి దాచకుండా చెప్పాం. పెద్ద సెంటర్లలో కూడా ఈ ఆపరేషన్ అయిన 90 రోజుల్లో ఏదో ఒక ఇబ్బంది వచ్చేవాళ్ళు సగానికి పైనే. న్యూయార్క్‌లోని ఒక ప్రసిద్ధ క్యాన్సర్ సెంటర్ 2009లో తమ పేషెంట్లని లెక్కిస్తే 64 శాతం. చనిపోయే ప్రమాదం వయసుతో పెరుగుతుంది. అరవైల్లో ఉన్నవాళ్ళతో పోలిస్తే 80 దాటినవాళ్ళలో 90 రోజుల మరణాలు రెండింతల పైనే, జనాభా లెక్కల్లో నూటికి పది దాటుతాయి. 30 రోజుల లెక్క చూసి సంతోషించడం తప్పు. పెద్దవాళ్ళు ఆపరేషన్ బల్ల మీద పోవడం అరుదు. ఇంటికి వెళ్ళాక, తిండి తగ్గి, జ్వరం వచ్చి, ఆ జ్వరాన్ని ఎవరూ పట్టించుకోక పోతారు.

అయితే ఆ లెక్కల్లో 80 ఏళ్ళవాళ్ళందరూ ఒకేలాంటివాళ్ళు కారు. నడవగలిగినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు కలిసే ఉంటారు. ఒకే వయసు వాళ్ళలో ఎవరు గట్టెక్కుతారో బలహీనత కొలిచే పద్ధతులు వయసు కంటే బాగా చెబుతున్నాయి. మేం మూడు చూశాం: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం, అల్బుమిన్, జ్ఞాపకశక్తి. మెదడు చురుగ్గా ఉంది, చీర అంచు లెక్కలు నోటితో చెప్పేస్తున్నారు. నడకకి 19 సెకన్లు పట్టింది, అది నెమ్మదే. అల్బుమిన్ తక్కువ. ఆ రోజు పరిస్థితిలో ఆపరేషన్ చేస్తే గట్టెక్కరని నా అభిప్రాయం, మత్తు డాక్టరు అభిప్రాయం కూడా. కానీ ఆ రెండింటినీ కొంత బాగుచేసే వీలుంది, వయసుని బాగుచేసే వీలు లేదు.

ఇదంతా కొడుకుతోనే మాట్లాడుతున్నాం. పెద్దాయనకి చెప్పొద్దన్నారు. ఆయనకి తెలుసని నాకు అనుమానం. ఒంటరిగా కూర్చోబెట్టి "తాతగారూ, మీకేం తెలుసు?" అని అడిగితే "కేన్సరే కదా, తీసెయ్యండి. సంచీ పెడితే మగ్గం గుంటలోకి దిగగల్నా, అది చెప్పండి బాబూ" అన్నారు. అప్పటిదాకా మా చర్చలో మగ్గం రాలేదు. ఆ తర్వాత ప్రతి నిర్ణయంలోనూ వచ్చింది.

ఆపరేషన్‌కి ముందు వారాలు

కండరంలోకి పాకిందని తేలాక పన్నెండు వారాలు దాటితే ఫలితాలు దెబ్బతింటాయి. అందుకని శరీరాన్ని సిద్ధం చేయడానికి నాలుగు వారాలే పెట్టుకున్నాం. రక్తహీనతకి సెలైన్‌లో ఐరన్ ఎక్కించాం. నెఫ్రోస్టమీ వల్ల కిడ్నీ కాస్త కోలుకుంది. శ్వాసకి మూడు బంతుల పరికరం ఇచ్చాం, దాన్ని మనవడితో పోటీ పెట్టుకుని మరీ పీల్చారు.

తిండి, నడక దగ్గర మా ప్లాను మొదటి వారంలోనే దెబ్బతింది. ప్రోటీన్ పౌడర్ డబ్బా రాసిచ్చాం. వాసన పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి, ఉన్న తిండీ తగ్గింది. తీరా చూస్తే అసలు సమస్య పత్యం. జబ్బు పేరు విన్నప్పటి నుంచి ఇంట్లో గుడ్డు, చేప మాన్పించారట. చారన్నం, చద్దన్నం మీదే ఉన్నారు. డబ్బా ఆపేసి, రోజుకి రెండు గుడ్లు, మధ్యాహ్నం చేప, సాయంత్రం పాలు కలిపిన చోడి అంబలి అని కోడలికి చెప్పాం. పత్యం ఎత్తేశామని పెద్దావిడ (పెద్దాయన భార్య) ముందు నా నోటితో చెప్పించుకుని గానీ ఆ అమ్మాయి గుడ్డు పెట్టలేదు. డైట్ చార్టు ఇచ్చే ముందు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అడిగి, వాళ్ళని పిలిపించాలి.

నడకకి కూడా కోడలే దారి చూపింది. "ఊరికే నడవమంటే నడవరు డాక్టరుగారూ, పని చెప్పాలి" అంది. పొద్దున కండెలు పక్కింటి మగ్గానికి ఇచ్చి రావడం, సాయంత్రం గుడికి వెళ్ళిరావడం పెట్టింది. నాలుగు వారాలకి నడక 19 సెకన్ల నుంచి 14కి వచ్చింది. అల్బుమిన్ 3.3. బరువు కిలో పెరిగింది. అద్భుతమేం కాదు, మత్తు డాక్టరు సరే అనడానికి సరిపోయింది.

ఏ ఆపరేషన్?

మూత్రాశయం తీసేశాక మూత్రం ఎటు పోవాలన్నదే పెద్దవాళ్ళలో అసలు నిర్ణయం. డ్రైవరుకి చేసినట్టు పేగుతో కొత్త సంచి కట్టడానికి అర మీటరు దాకా పేగు కావాలి. కిడ్నీ బలం కావాలి, ఎందుకంటే ఆ పేగు మూత్రంలోంచి ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి లాగుతుంది. 38 వడకట్టే కిడ్నీకి అది భారం. మామూలుగా ఎక్కువమందికి చేసేది రెండో పద్ధతి, చిన్న పేగు ముక్కని గొట్టంలా వాడి బయటికి తేవడం. నమ్మకమైన పద్ధతే. కానీ పేగు కోసి మళ్ళీ కలపాలి. ఆపరేషన్ తర్వాత పేగు కదలకపోవడం, అతుకు లీకవడం, ఇవే ముసలివాళ్ళని ఎక్కువగా ముంచేవి.

మూడోది, పేగు జోలికి పోకుండా రెండు మూత్రనాళాల్నీ నేరుగా చర్మానికి తేవడం. సమయం తగ్గుతుంది, పేగు పని మొదటి రోజు నుంచే మొదలవుతుంది. నష్టం కూడా ఉంది: ఆ ద్వారాలు మూసుకుపోతుంటాయి, అందుకని స్టెంట్లు, అంటే లోపల సన్నటి గొట్టాలు పెట్టి మూడు నెలలకోసారి మార్చాలి, బతికినంతకాలం. ఇరవై ఏళ్ళు ముందున్న మనిషికి ఈ పద్ధతి నేను చెప్పను. ఈయనకి మొదటి 90 రోజులు దాటడమే పెద్ద పరీక్ష, కాబట్టి ఇదే ఎంచుకున్నాం. సన్నటి మనిషి కావడం కలిసొచ్చింది, నాళాలు చర్మం దాకా లాగకుండా అందుతాయి.

స్టోమా, అంటే మూత్రం బయటికి వచ్చే పొట్ట మీది ద్వారం, ఎక్కడ పెట్టాలో పుస్తకాల్లో ఉంది: పడుకోబెట్టి, నిలబెట్టి, కూర్చోబెట్టి చూసి గుర్తు పెట్టమంటారు. మేం పంచె కట్టించి చూశాం, బాసింపట్టు వేయించి చూశాం. తర్వాత మగ్గంలో ఎలా కూర్చుంటారో చేసి చూపమన్నాం. నేసిన బట్ట చుట్టుకునే దోనె సరిగ్గా బొడ్డు కింద పొట్టని తాకుతుంది, నేసేటప్పుడు మనిషి దాని మీదికి వంగుతాడు. పుస్తకం ప్రకారం పెడితే సంచీ ఆ కర్రకీ పొట్టకీ మధ్య నలిగేది. బొడ్డుకి పైన, కుడివైపు, పంచె ముడికి తగలని చోట గుర్తు పెట్టాం.

ఆపరేషన్ ఓపెన్‌గానే చేశాం. వీలైనంత వరకు పేగులున్న పొర తెరవకుండా పని కానిచ్చాం. నడుములో సన్నటి గొట్టం పెట్టి నొప్పి మందు ఇచ్చాం, దాంతో నల్లమందు జాతి ఇంజెక్షన్లు తగ్గాయి. లింఫు గ్రంథులు మామూలు హద్దు వరకే తీశాం. ఇంకా పైదాకా తీస్తే అదనపు లాభం లేదని, ఇబ్బందులు మాత్రం పెరుగుతాయని 2024లో వచ్చిన అమెరికా ట్రయల్ ఫలితాలు కూడా తర్వాత చెప్పాయి.

రెండో రాత్రి

పేగు గురించి అంత జాగ్రత్త పడ్డాం, అది ఇబ్బంది పెట్టలేదు. రెండో రోజు ఇడ్లీ తిన్నారు. దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. ఆ రాత్రి ఐసీయూలో మతి తప్పింది. సెలైన్ పీకేశారు, డ్రెయిన్ లాగబోయారు, మగ్గం ఎవరో ఎత్తుకుపోతున్నారని అరిచారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒడియాలో సముదాయించింది. ఏళ్ళ తరబడి బజార్లో ఒడియా మాట్లాడిన మనిషి ఆ రాత్రి ఒక్క ముక్క కూడా అందుకోలేదు. చేతులు కట్టేశారు, నిద్ర ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి ఇంకా ఎక్కువైంది.

పెద్ద ఆపరేషన్ల తర్వాత 75 దాటినవాళ్ళలో ఇది తరచుగా కనబడేదే. ముందు కారణాలు వెతికాం. ఆక్సిజన్, సోడియం, షుగర్, జ్వరం, గుండె అన్నీ బాగున్నాయి. కళ్ళజోడు లేదు, లాకర్లో పెట్టారు. రాత్రంతా లైట్లు. నిద్ర ఇంజెక్షన్ ముసలి మెదడుని ఇంకా కలవరపెట్టే రకం. కట్లు విప్పించాం, ఆ ఇంజెక్షన్ ఆపేశాం, కళ్ళజోడు పెట్టించాం. ఐసీయూ నియమం పక్కన పెట్టి పెద్దావిడని మంచం పక్కన కూర్చోబెట్టాం. ఆవిడ చేయి పట్టుకుని వీధి కబుర్లు చెబుతూ కూర్చుంది. సాయంత్రానికి ఐసీయూ నుంచి కిటికీ ఉన్న గదికి మార్చాం. మర్నాటికి మనిషి మామూలయ్యారు. ఇప్పుడు మా దగ్గర 70 దాటిన ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అయితే, మొదటి మూడు రాత్రులు ఇంటి మనిషి లోపల ఉండొచ్చు. ఈ ఒక్క మార్పు కోసం మేనేజ్‌మెంట్‌తో పడిన గొడవ ఇంకో వ్యాసం అవుతుంది.

ఇంటికి వెళ్ళాక

ఆపరేషన్ ఖర్చు ఒడిశా ప్రభుత్వానికి అప్పట్లో ఉన్న ఉచిత వైద్య పథకం, బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన కార్డు మీద అయిపోయింది. స్టోమా సంచీలు మాత్రం సొంత డబ్బు, అవీ విశాఖ నుంచి తెప్పించుకోవాలి. పొదుపు కోసం సంచీ మార్చే రోజులు సాగదీశారు. నెల దాటాక చలిజ్వరం వచ్చింది. కోడలు ఫోన్లో చెప్పిన లక్షణాలు రెండే: వణుకు, ఎడమ స్టెంట్ నుంచి మూత్రం తగ్గడం. వెంటనే రమ్మన్నాం. స్టెంట్ మూసుకుపోయింది, మార్చాం, యాంటీబయాటిక్ ఇచ్చాం, కోలుకున్నారు. రెండు రోజులు ఆలస్యమైతే 90 రోజుల మరణాల లెక్కలో ఈయన కూడా ఉండేవారు. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఏ లక్షణం వస్తే ఆగకుండా రావాలో విడిగా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం, ఆ కాగితం గోడకి అంటించి ఉందట. ఆశా దీదీకి కూడా చెప్పి ఉంచాం.

ఫైనల్ బయాప్సీలో జబ్బు కండరం దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి కొద్దిగా వెళ్ళింది. గ్రంథుల్లో లేదు, అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఈ దశలో ఆపరేషన్ తర్వాత ఇమ్యూనోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తిప్పే మందు, ఇచ్చే పద్ధతి ఉంది. ఖరీదు చెప్పి, ఎంతవరకు లాభమో చెప్పాం. పెద్దాయన వద్దన్నారు, మేం బలవంతపెట్టలేదు.

డ్రైవరు సంగతి కూడా చెప్పాలి, కొడుకు ఇప్పటికీ అడుగుతుంటాడు కాబట్టి. మొదటి మూడు నెలలు అతనికి దాదాపు ఏ ఇబ్బందీ లేదు. ఏడాదిన్నర లోపే పొత్తికడుపు గ్రంథుల్లో జబ్బు తిరగబెట్టింది. వయసు తక్కువైతే ఆపరేషన్‌ని తట్టుకోవడం సులువు, క్యాన్సర్ తత్వం మాత్రం వయసు చూసి మారదు. పెద్దవాళ్ళలో క్యాన్సర్ ఫలితాలు కాస్త వెనకబడినట్టు అధ్యయనాల్లో కనబడుతుంది. ఆలస్యంగా బయటపడటం, కీమో అందకపోవడం, "పెద్దాయనే కదా" అని గ్రంథులు సరిగా తీయకపోవడం కూడా అందులో కలిసి ఉంటాయి. ఇద్దరు మనుషుల్ని చూసి లెక్క తేల్చకూడదు. పక్క బెడ్డు చూసి నిర్ణయం తీసుకునే కుటుంబాలకి మాత్రం నేను ఈ ఇద్దరి కథా చెబుతాను.

రెండేళ్ళ స్కాన్‌లో పెద్దాయనకి జబ్బు లేదు. క్రియాటినిన్ 1.2 దగ్గర నిలిచింది. గుంట మగ్గంలోకి దిగారు గానీ గంటకి మించి కూర్చోలేకపోతున్నారు, ఎక్కువగా కండెలు చుడుతున్నారు. ఎడమ నాళం ద్వారం సన్నబడుతోంది, స్టెంట్ మార్చడం ప్రతిసారీ కష్టమవుతోంది. ఇప్పుడు మా ముందు మూడు దారులున్నాయి: నెలన్నరకోసారి మార్చుకుంటూ పోవడం, ఆ వైపు నడుములోంచి ట్యూబు వేయడం, లేదా 80 ఏళ్ళ వయసులో పేగు గొట్టం ఆపరేషన్ చేయడం. మూడోది చేయొచ్చు కదా అని కొడుకు అడుగుతున్నాడు, నడక 13 సెకన్లకి వచ్చింది కదా అని కూడా గుర్తుచేస్తున్నాడు. ముందు ఆ కిడ్నీ వాటా ఎంతో రీనల్ స్కాన్‌లో చూస్తాం. ఇరవై శాతం లోపు ఉంటే దాని కోసం పొట్ట మళ్ళీ తెరవడానికి నేను సిద్ధంగా లేను.